ఆరో లైను

జనగామ నుంచి రఘునాథపల్లి పోయే తోవలో, ఊరు దాటిన రెండు మైళ్లకు కమలాదేవి నూలు మిల్లు ఉండేది. ఆ మిల్లు ఆఫీసులో చెప్పులు విడిచి అడుగుపెట్టాల్సిన గది ఒకటే ఒకటి, కంప్యూటరు గది. పంతొమ్మిది వందల ఎనభై ఏడులో ఆ యంత్రం దిగిననాడు మిల్లు యజమాని శ్రీపాల్‌రావు దానికి కొబ్బరికాయ కొట్టించి, తెర నడినెత్తిన కుంకుమ బొట్టు పెట్టించాడు. ఆ కుంకుమ మీటల సందుల్లోకి రాలుతుందేమోనని తడిగుడ్డతో మెల్లగా అద్ది తీసిన మనిషి వనమాల. అప్పటికి ఎనిమిదేళ్లుగా ఆ ఆఫీసులో టైపిస్టు. ఆ రోజు నుంచి కంప్యూటరు ఆపరేటరు.

వనమాలది మానుకోట. తండ్రి చిన్నతనంలోనే పోతే తల్లి కమలమ్మ కిరాణా దుకాణం నడిపి ఇద్దరు పిల్లలను సాకింది. అన్న రాజమౌళి హనుమకొండలో డిగ్రీ చదువుతుండగా అరవై తొమ్మిది వచ్చింది. ప్రత్యేక తెలంగాణ కావాలని పిల్లలంతా రోడ్ల మీదికి వచ్చారు. బడులు, కాలేజీలు మూతబడ్డాయి. పదో తరగతిలో ఉన్న వనమాలకు ఆ ఏటి చదువు మన్నులో కలిసింది. రాజమౌళిని పోలీసులు పట్టుకుపోయారు. వాడి జిగ్రీ దోస్తు రామచందర్ మాత్రం తప్పించుకుని, అర్ధాకలితో నడుచుకుంటూ వచ్చి వాళ్ల దుకాణం అటకెక్కాడు.

నాలుగు రోజులు ఉన్నాడు ఆ అటక మీద, ఎండుమిర్చి బస్తాల నడుమ. వనమాలే నిచ్చెనెక్కి అన్నం గిన్నె అందించేది. మూడోనాడు పోలీసులు సోదాకు వచ్చినప్పుడు పైనుంచి తుమ్ము వినబడింది. కమలమ్మ తొణకలేదు. పొయ్యి మీది పెనంలో గుప్పెడు మిరపకాయలు వేసింది. ఆ ఘాటుకు జమేదారు తుమ్మాడు, వెనకున్న జవాన్లు తుమ్మారు, కమలమ్మా తుమ్మింది. ఎవరి తుమ్ము ఎవరిదో తెలియక, కళ్లు తుడుచుకుంటూ వెళ్లిపోయారు.

డెబ్బై ఎనిమిదిలో రాజమౌళి పచ్చకామెర్లతో పోయాడు. పాడె ముందు కొమ్ము పట్టింది రామచందరే. పదకొండు రోజులు ఆ ఇంటి గడపలోనే ఉన్నాడు. "అమ్మా, రాజమౌళి లేడనుకోకు, నేనున్న" అన్నాడు. మాటకు నిలబడ్డాడు కూడా. తాను పనిచేసే నూలు మిల్లులో వనమాలకు టైపిస్టు కొలువు ఇప్పించాడు. కమలమ్మ మానుకోట దుకాణం ఎత్తేసి కూతురితో పాటు జనగామ వచ్చేసింది. వనమాల పెళ్లి మాట రెండు మూడుసార్లు వచ్చి వెనక్కి పోయింది. తర్వాత ఆమే వద్దంది. ఏటా రాఖీ పున్నమికి రామచందర్ వచ్చి చెయ్యి చాపేవాడు. ఆ ఇంటికి మగదిక్కు అతనే.

కంప్యూటరు పని నేర్చుకోవడానికి యజమాని రామచందర్‌ను మూడు నెలలు హైదరాబాదు పంపాడు. వచ్చాక అతను వనమాలకు నేర్పాడు. ఆ రోజుల్లో ఆ యంత్రానికి బొమ్మలు లేవు. నల్లటి తెర, అందులో మినుకుమినుకుమనే చిన్న గీత. ఏం కావాలన్నా మాట టైపు చేసి చెప్పాలి. ఒక్క అక్షరం తప్పినా 'నువ్వు చెప్పింది తెలియదు' అనేది. వనమాల వేళ్లు టైపు మిషను మీద ఆరితేరినవి. నెల తిరిగేసరికి యంత్రం ఆమె మాట వినడం మొదలుపెట్టింది.

"చెల్లె, పొద్దుగాల రాంగనే ఒక పని మరువకు" అన్నాడు రామచందర్ ఒకనాడు. ఒక చిన్న మాట కొట్టి చూపించాడు. తెర మీద అంకెలు బారుగా వచ్చాయి. "గీ కడపటి అంకె చూసినవా? మెమొరీల ఖాళీ జాగ ఎంతున్నదో చెప్తది. దినాం పుస్తకంల రాయి."

"ఎందుకన్నా?"

"మనం పిలవకుంటనే లేసి, కనబడకుంట ఎనుక పని చేసే ప్రోగ్రాములు కొన్ని ఉంటయి. బయటి ఫ్లాపీల నుంచి దొంగతనంగ వస్తయి. అవి కూసుంటే ఖాళీ జాగ తగ్గుతది. అంకె తగ్గితే నాకు చెప్పు."

ఆమె రాసింది. అయిదు లక్షల ఎనభై ఏడు వేల చిల్లర. రోజూ అదే అంకె. రాసి రాసి, కొన్నాళ్లకు పాత అంకెతో పోల్చి చూడడం మానేసింది. చెయ్యి రాసేది, కన్ను చూసేది కాదు.

ఎనభై ఎనిమిది వానాకాలంలో, మధ్యాహ్నం బువ్వవేళ, ముగ్గురు ఆడవాళ్లు ఆ గది గడప అవతల వచ్చి నిలబడ్డారు. పోశమ్మ, కట్టమ్మ, రామి. చెత్తపత్తి ఏరే గదిలో పనిచేసేవాళ్లు. ఆ గదికి కిటికీలు లేవు. దూది నుసి గాలిలో పొగమంచులా నిలబడి ఉండేది. పొద్దున లోపలికి పోయిన నల్లజుట్టు మనుషులు సాయంత్రం తెల్లజుట్టుతో బయటికి వచ్చేవారు.

ముగ్గురిలో పెద్దది పోశమ్మ. యాభై ఏళ్లుంటాయి. "వనమాలమ్మా, వరంగల్‌ల ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్ ఉంటడట. ఆయనకు కాయితం రాయాలె. గీ దగ్గుకు మేం సచ్చేటట్టున్నం. దవాఖానల సూపించుకుందమంటె చుట్టీ ఇయ్యరు. రామిని సూడు, ఇరువై ఆరేండ్ల పిల్ల, నాలుగు మెట్లెక్కలేకపోతుంది."

రామి తండా పిల్ల. మాట్లాడితే దగ్గు వస్తుందని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఉంది.

వనమాల భయపడింది. తర్వాత రామి మెడ దగ్గర ఎగిరెగిరి పడుతున్న నరం చూసి కుర్చీ లాక్కుంది. వాళ్లు చెబుతుంటే ఇంగ్లీషులో కొట్టింది. చివర ముగ్గురి పేర్లు వేసింది. వేసి ఒక్క క్షణం ఆలోచించింది. ఈ కాగితం తోవలో ఎవరి చేతిలో పడ్డా ముగ్గురికీ ముప్పే. పేర్లు వెనక్కి చెరిపేసి, 'మిల్లు ఆడకూలీలు' అని మాత్రం ఉంచింది. ఒక్క ప్రతి తీసి పోశమ్మకు ఇచ్చి, కంప్యూటరులో ఉన్న ఉత్తరాన్ని చెరిపేసింది. పోశమ్మ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి రవికెలో దాచుకుంది. శనివారం కట్టమ్మ తమ్ముడు వరంగల్ పోతున్నాడు, అతని చేత పంపాలనుకున్నారు.

శుక్రవారం పొద్దున మిల్లు గేటు దగ్గర మేనేజరు నిలబడి ముగ్గురిని పేరు పెట్టి పిలిచాడు. పోశమ్మ, కట్టమ్మ, రామి. లోపలికి రానక్కరలేదన్నాడు. "ఇన్‌స్పెక్టర్‌కు కాయితాలు రాస్తున్నరట గదా. ఆయన దగ్గరనే పని జేసుకోండి" అన్నాడు. పోశమ్మ రవికె లోంచి కాగితం తీసి చూసుకుంది. మడత నలగలేదు.

సాయంత్రం వనమాల బయటికి వచ్చేసరికి ముగ్గురూ చింతచెట్టు కింద కాచుకుని ఉన్నారు.

"మా పేర్లు నీకు తప్ప ఇంకెవ్వలికెరుక?" అంది పోశమ్మ.

"అవ్వా, నా తల్లి మీద ఒట్టు. నేను ఎవ్వలికీ చెప్పలే."

"కాయితం నా ఒంటి మీదనే ఉన్నది. నా మొగనికి గూడ సూపియ్యలే. మరి గాలొచ్చి చెప్పిందా మేనేజరుకు?" పోశమ్మ గొంతు పెద్దగా లేదు. అదే వనమాలను ఎక్కువ కోసింది. "మీరు ఆఫీసోళ్లు. కుర్సీల కూసున్నోళ్లు. మాది బుద్ధి తక్కువ, వచ్చి నీ గడపల నిలవడ్డం."

ఆ మాట చెవిలో పెట్టుకుని వనమాల ఇంటికి వచ్చింది. శనివారం పొద్దున బస్సులో కిటికీ పక్కన కూర్చున్నప్పుడు ఒక సంగతి తట్టింది. ఆ కాగితం మీద అసలు పేర్లు లేవు. పోశమ్మ రవికె లోంచి ఎవరైనా కాజేసి చదివినా 'మిల్లు ఆడకూలీలు' అనే కనబడుతుంది. ఆ మూడు పేర్లు కాగితం ఎక్కలేదు. తాను కొట్టింది, తానే చెరిపింది. అవి పుట్టిందీ పోయిందీ ఆ మీటల మీదే.

ఆఫీసుకు రాగానే పుస్తకం తీసింది. వెనక్కి తిప్పుతూ పోయింది. ఆషాఢమాసంలో ఒక సోమవారం దాకా అయిదు లక్షల ఎనభై ఏడు వేలు. మంగళవారం నుంచి అయిదు లక్షల ఎనభై ఒక్క వేలు. రెండు అంకెలూ తన చేతిరాతే. రెండున్నర నెలలుగా ఏదో వచ్చి కూర్చుంది, తాను రోజూ దాని కొలత రాసి సంతకం పెడుతోంది.

'అన్నకు చెప్పాలె' అనే అనుకుంది మొదట. రామచందర్ ఆ రోజు హైదరాబాదు పోయి ఉన్నాడు. సోమవారం గాని రాడు. అందుకని తానే వెతకడం మొదలుపెట్టింది.

కంప్యూటరు లేవగానే ఏమేం చెయ్యాలో వరసగా రాసి ఉండే ఫైలు ఒకటుంటుంది. దాన్ని తెర మీదికి రప్పించింది. అయిదు లైన్లు ఉండాలి, ఆమెకు కంఠతా వచ్చు. ఆరు ఉన్నాయి. ఆరో లైనులో ఎన్నడూ వినని ప్రోగ్రాము పేరు. దాని పక్కనే, అది రాసుకునే మరో ఫైలు పేరు. ఆ ఫైలు తేదీ చూసింది. ఈ రోజుదే. మరో పది మాటలు ఉత్తపుణ్యానికి టైపు చేసి మళ్లీ చూసింది. ఫైలు పెరిగింది.

దాన్ని తెరిచింది.

తెర మీద తన వేళ్లు కదిలిన జాడంతా పైకి పాకుతూ పోయింది. నూలు బేళ్ల లెక్కలు, నూలు కొనే పార్టీలకు ఉత్తరాలు. తప్పు కొట్టి దిద్దుకున్న అక్షరాలు కూడా, దిద్దినట్టే గుర్తులతో. మధ్యలో పోశమ్మ, కట్టమ్మ, రామి. పేర్ల వెంట చెరిపినప్పటి మీట గుర్తులు, ఇరవై రెండు. ఇంకాస్త పైన, పని లేని ఒక మధ్యాహ్నం తాను ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు కొట్టుకున్నది: 'అన్నా రాజమౌళీ, నువ్వుంటే అమ్మ గిట్ల కాకపోతుండె. నాకు ఒక్కొక్కసారి ఊపిరాడదు.' కొట్టి, వెంటనే చెరిపేసుకుంది. దేవుడి ముందు కూడా పైకి అనని మాట. అది ఎవరో చదివారు.

ఎవరన్నది తెలియడానికి ఎక్కువ సేపు పట్టలేదు. గురువారం ఆమె తల్లిని దంత వైద్యుని దగ్గరికి తీసుకుపోయి సగం పూట రాలేదు. ఆ సగం పూటలో ఆ మీటల మీద మరొకరు కూర్చున్నారు. నొక్కిన ప్రతి మీటనూ రాసుకోవడమే ఆ ప్రోగ్రాముకు తెలుసు. తనను తెచ్చిపెట్టినవాడెవడో దానికేం తెలుసు? కింద తన పేరు పెట్టి రామచందర్ శ్రీపాల్‌రావుకు కొట్టిన ఉత్తరం అక్షరం పొల్లుపోకుండా అందులో ఉంది. ముగ్గురి పేర్లు, వాళ్ల పని చోటు, ఇన్‌స్పెక్టర్ సంగతి. చివర రెండు వాక్యాలు: 'టైపిస్టును కదిలించవద్దని మనవి. ఆమెకు ఏమీ తెలియదు, కూలీలు ఆమెను నమ్మి వస్తారు కనుక ముందు ముందు కూడా పనికి వస్తుంది.'

వనమాల ఆ రెండు వాక్యాలు మూడుసార్లు చదివింది. ఏడుపు రాలేదు. లేచి కుండలో నీళ్లు తాగి వచ్చింది.

ఫైలంతా అచ్చు తీసింది. ప్రింటరు కీచుమంటూ పదకొండు పేజీలు కక్కింది. తర్వాత లైన్లు దిద్దే ప్రోగ్రాము పిలిచి, ఆ వరసల జాబితా తెరిచింది. ఆరు అంకె వేసి, పక్కన డి అక్షరం కొట్టింది. ఆరో లైను పోయింది. ఇ కొట్టి భద్రపరిచింది. ప్రోగ్రామునూ, అది రాసుకున్న ఫైలునూ పేరు పేరునా చెరిపింది. లైను తీసినా అది ఇంకా మెమొరీలో కూర్చునే ఉంటుందని ఆమెకు తెలుసు. అందుకని కరెంటు ఆపి, పది దాకా లెక్కబెట్టి మళ్లీ వేసింది. అంకె చూసింది. అయిదు లక్షల ఎనభై ఏడు వేల చిల్లర. పుస్తకంలో రాసింది. ఈ పని చెయ్యడం నేర్పింది కూడా రామచందరే.

సోమవారం అతను వచ్చాడు. నవ్వుతూ లోపలికి వచ్చి, బల్ల మీద పరిచి ఉన్న కాగితాలు చూసి ఆగాడు.

"గిది నువ్వేనా అన్నా?"

అతను తలుపు దగ్గరికి వేశాడు. "జర మెల్లగ మాట్లాడు."

"నువ్వేనా?"

"సార్ చెప్పిండు. మిల్లుల సంఘం పెడ్తరని ఆయన పరేషాన్‌ల ఉన్నడు. నేను కాదంటే ఇంకొగణ్ని తెస్తడు. ఆడు నిన్ను గూడ కలిపి బయటికి నూకుతుండె. నీ నౌకరి కాపాడిన చెల్లె. చదువు, నిన్ను ముట్టొద్దని రాసిన."

"చదివిన. ముందు ముందు పనికొస్తనని రాసినవ్." ఆమె ఆ కాగితం అతని ముందుకు జరిపింది. "నన్ను కాపాడలే అన్నా. గాలానికి ఎర గుచ్చినవ్. ఆళ్లు నన్ను నమ్మి వస్తరని నీకు తెలుసు. నా నమ్మకాన్నే వాడుకున్నవ్."

"నువ్వు సంసారం ఎరుగవు. నాకు ఇద్దరు పిల్లలు."

"రాజమౌళన్నకు రాసుకున్నది గూడ చదివినవా?"

రామచందర్ కిటికీ వైపు తిరిగాడు. చదివాడని ఆమెకు అర్థమైంది. కూలీల పేర్లు అమ్మినందుకన్నా అట్లా ముఖం తిప్పుకున్నందుకే ఆమెకు ఒళ్లు మండింది.

ఆ సాయంత్రం పదకొండు పేజీలూ పట్టుకుని పోశమ్మ ఇంటికి పోయింది. కట్టమ్మ, రామి, రామి మొగుడు సక్రు అక్కడే ఉన్నారు. సక్రు ఏడో తరగతి దాకా చదివినవాడు. పేర్లున్న చోటు కూడబలుక్కుని చదివాడు. మిగతాది వనమాల తెలుగులో చెప్పింది.

కట్టమ్మ కళ్లు పెద్దవి చేసుకుని విన్నది. "అయ్యో, గంత మోసమా" అంది. పోశమ్మ మాత్రం కాగితాలను చేతితో కూడా తాకలేదు.

"కాయితం మీద నువ్వు ఏదంటే అది కొడ్తవు తల్లీ. నాడు కొట్టినవు, నేడు కొట్టినవు. ఏది నిజమో మాకెట్ల తెలుస్తది?"

వనమాల కాగితాలు మడిచింది. ఉన్న ఒక్క రుజువూ కాగితమే, ఆ కాగితం మీదే పోశమ్మకు నమ్మకం పోయింది.

ఆదివారం రామచందర్ ఎప్పటిలాగే ఇంటికి వచ్చాడు. కమలమ్మకు వనమాల అప్పటికే అంతా చెప్పింది. ముసలామె మొదట నమ్మలేదు. "రామచందర్ గసొంటోడు కాదు బిడ్డా, నువ్వే ఏదో తప్పు చదివినవ్" అంది. ఆ మాటకు వనమాల మూడు రోజులు తల్లితో సరిగా మాట్లాడలేదు. ఇప్పుడు అతను అరుగు మీద కూర్చోగానే కమలమ్మ బయటికి వచ్చి సూటిగా అడిగింది.

"రామచందరూ, నా బిడ్డ చెప్పింది అబద్ధమని ఒక్కమాట అను. నేను నిన్నే నమ్ముత."

అతను అనలేకపోయాడు. తల వంచుకుని, "అమ్మా, కాలం గట్లున్నది" అన్నాడు.

"సరే. ఇగ పో బిడ్డా" అంది కమలమ్మ. తిట్టలేదు. తలుపు కూడా వెయ్యలేదు. లోపలికి పోయి గోడకు ముఖం పెట్టి పడుకుంది. రాజమౌళి పోయిననాడు కూడా ఆమె అంతసేపు అలా పడుకోలేదు.

వనమాల కొలువు మానేసింది. పేర్లు లేని కాగితం ఎట్లాగూ పనికిరాదని, మళ్లీ కొత్తగా రాసి, కింద తన పేరు, తన చిరునామా పెట్టి, పదకొండు పేజీలు జతచేసి స్వయంగా వరంగల్ పోయి ఇన్‌స్పెక్టర్ ఆఫీసులో ఇచ్చింది. నాలుగు నెలలకు ఒక అధికారి వచ్చాడు. చెత్తపత్తి గదికి రెండు కిటికీలు కొట్టించారు. ముక్కుకు కట్టుకునే గుడ్డలు పంచారు. కట్టమ్మను మళ్లీ పనిలోకి తీసుకున్నారు. పోశమ్మను తీసుకోలేదు. రామి అప్పటికే తండాకు పోయింది, మళ్లీ రాలేదు. రామచందర్‌ను శ్రీపాల్‌రావు హైదరాబాదు ఆఫీసుకు పెద్ద కొలువుతో పంపాడు. ఎవరెవరికి ఏమేం దక్కాలో అది దక్కిందని ఎవరూ అనలేరు.

వనమాల జనగామ స్టేషను తోవలో నాలుగు పాత మిషన్లతో టైపు నేర్పే కేంద్రం పెట్టుకుంది. దరఖాస్తులు కూడా రాసిచ్చేది. ఎవరైనా వచ్చి తమ గోడు చెప్పబోతే ముందు లేచి తలుపు వేసి వచ్చేది. అది అలవాటైపోయింది. రాఖీ పున్నమినాడు దుకాణాల ముందు రంగుదారాలు వేలాడుతుంటే ఆ తోవన పోయేది కాదు.

ఎనభై తొమ్మిది ఎండాకాలంలో ఒకనాడు పోశమ్మ వచ్చింది. మనిషి సగమైంది. చిన్నకూతురిని నర్సింహులపేట హాస్టలులో చేర్చడానికి దరఖాస్తు కావాలట. వనమాల ఏమీ అడగకుండా మిషను మీది గుడ్డ తీసి, కాగితం ఎక్కించబోయింది.

"మిషన్ వద్దు. చేత్తోని రాయి" అంది పోశమ్మ. "నా ముందల రాయి."

వనమాల కలం తీసుకుంది. ఊరి పేరు రాసింది, తండ్రి పేరు రాసింది.

"పిల్ల పేరేంది పోశవ్వా?"

పోశమ్మ వనమాల ముఖంలోకి చూసింది, వీధిలోకి చూసింది, మళ్లీ కాగితం వైపు చూసింది. వనమాల కలం ఎత్తి పట్టుకుని, ఆమె చెప్పేదాకా అట్లాగే కూర్చుంది.